గోడ దగ్గర పిల్లిమొగ్గ

మొన్న సెలవుల్లో ధర్మవరం వచ్చినప్పుడు "ట్రయథ్లాన్ అంటే ఏందన్నా?" అని కొందరు అడిగారు. నిలబడి చెబితే తెమిలే మాట కాదు కనుక ఇక్కడ రాస్తున్నాము.

ఈత, సైకిల్, పరుగు మూడింటినీ ఒకదాని వెంట ఒకటి ఆగకుండా పూర్తి చేయడమే ట్రయథ్లాన్. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో తొలిసారి చేరింది. ఒలింపిక్ దూరం 1,500 మీటర్ల ఈత, 40 కి.మీ. సైకిల్, 10 కి.మీ. పరుగు. సైకిలూ, పరుగూ మనకు కొత్త కాదు. చిక్కంతా ఈత దగ్గరే.

మన తాతలను చాలా ఊళ్లలో ఊరిబావి దగ్గరికే రానివ్వలేదు. 1927లో మహాడ్ చెరువు నీళ్లు తాగడానికే అంబేద్కర్ గారు వేలమందితో నడవాల్సి వచ్చింది. ఇక ఈత ఎవరు నేర్పుతారు? మా అమ్మానాన్నలకు రాదు. మేము పొలంబావిలో, నడుముకు ఎండు సొరబుర్ర కట్టుకుని, ఇంట్లో తెలియకుండా నేర్చుకున్నాము. తెలిసిన రోజున దెబ్బలూ తిన్నాము.

బావిలో నాలుగు బారలు వేస్తే గోడ వస్తుంది. రాయి పట్టుకుని ఊపిరి తీసుకోవడం అలవాటు. అదే అలవాటుతో పీజీ చదివే ఊళ్లో 25 మీటర్ల కొలనులో దిగాము. అక్కడ 1,500 మీటర్లంటే 60 సార్లు ఈదాలి, 59 సార్లు తిరగాలి. తిరిగినప్పుడల్లా 2 సెకన్లు గోడ పట్టుకున్నా దాదాపు 2 నిమిషాలు గోడకే పోతాయి. నాడె ప్రతిసారీ అంచు దగ్గర ఆగి అలుపు తీర్చుకుంటే చీర ఎప్పటికి దిగేను?

అందుకే పల్టీ మలుపు. కొలను అడుగున ఉండే నల్లగీత గోడకు 2 మీటర్ల ముందు అడ్డగీతతో ముగుస్తుంది. అది కనబడగానే తల ఎత్తి గోడను చూడకూడదు, ఊపిరికీ ఆగకూడదు. ఆఖరి బారతో రెండు చేతులూ తొడల పక్కకు రావాలి. గడ్డం ఛాతీకి ఆనించి, మోకాళ్లు ముడిచి పిల్లిమొగ్గ వేయాలి. ఒళ్లు ఎంత ముడిస్తే అంత వేగంగా తిరుగుతాము. ఇంటర్ ఫిజిక్స్‌లో బట్టీపట్టిన కోణీయ ద్రవ్యవేగం ఇదే. తిరుగుతున్నంతసేపూ ముక్కుతో మెల్లగా గాలి వదలాలి. ఇది మరచి వారం రోజులు మేము ముక్కునిండా నీళ్లు పీల్చాము.

పాదాలు నీటిమట్టానికి అడుగు, అడుగున్నర లోతున గోడకు ఆనాలి. అప్పటికి మనం వెల్లకిలా ఉంటాము. అలాగే తన్ని, సాగుతూ సాగుతూ బోర్లా తిరగాలి. చేతులు ఒకదానిపై ఒకటి, చెవులు మోచేతుల మధ్య. వేగం రెట్టింపైతే నీటి నిరోధం సుమారు నాలుగింతలవుతుంది, కాబట్టి తన్నిన బలం నిలిచేది ఒళ్లు సన్నగా సాగదీసినప్పుడే. దగ్గరికి వెళ్లి తిరిగితే మోకాళ్లు ఇరుక్కుంటాయి, దూరంగా తిరిగితే కాళ్లకు గోడ అందదు. ఒకసారి మడమ గట్టుకు కొట్టుకుని మూడు రోజులు కుంటాము.

ట్రయథ్లాన్ ఈత ఎక్కువగా చెరువుల్లో, సముద్రంలో జరుగుతుంది. అక్కడ గోడ ఉండదు కదా అని అడుగుతారు. నిజమే. అక్కడ తేలే బుడ్డీల చుట్టూ తిరగాలి. కానీ సాధన కొలనులోనే. గోడ దగ్గర విశ్రాంతి మానినవాడికే నడి చెరువులో ఊపిరి నిలుస్తుంది. అప్పుడప్పుడు అడ్డగీత దగ్గరే, గోడ తాకకుండా వెనక్కి తిరిగి ఈదడం బుడ్డీ మలుపుకు మంచి సాధన.

బావిలో మాత్రం ఇది వద్దు. రాతిగోడకు తల తగిలితే తీసేవాళ్లుండరు. మట్టి తవ్విన గుంతలున్న చెరువుల్లో ఒంటరిగా అసలే దిగవద్దు. ముందు నేల మీద పిల్లిమొగ్గ రావాలి, తరువాత కొలను నడుమ, ఆపైన గోడ దగ్గర. ఉగాదికి వస్తాము. వరండాలో రెండు చాపలు పరిచి ఉంచండి, మొదటి పాఠం అక్కడే.