ల్యాప్‌టాప్ తెర చీకటియైనపుడు

కుమారుని ఇంజనీరింగు చదువునకై కొన్న ల్యాప్‌టాప్, అతడు ఉద్యోగమునకు వెడలిన పిమ్మట తల్లి చేతికి వచ్చుట మన యిండ్లలో పరిపాటి. పెండ్లి ఫోటోలు అందే యుండును. ఇంటి జమాఖర్చులు అందే యుండును. డాలసులోనున్న మనుమరాలు ఆదివారమునాడు పలుకరించునదియు అందుననే. అట్టి యంత్రము ఒకనాడు మీట నొక్కగా పంకా తిరిగి, చిన్నదీపము వెలిగి, తెర మాత్రము అమావాస్య రాత్రివలె నిలిచిపోవును. దుకాణమున "మదర్‌బోర్డు పోయిందమ్మా, కొత్తది కొనుక్కోండి" యందురు. ఆ మాట యొక్కొక్కప్పుడు నిజమే. కాని ఒక్క మరయైనను విప్పకుండ, ఇంటనే, అరగంటలో దాని నిజానిజములను చాలవరకు తేల్చుకొనవచ్చునని సోదరీమణులకు మనవిచేయుచున్నాము.

మొదట ధైర్యము చెప్పవలసిన మాట యొకటి కలదు. ఫోటోలును లెక్కలును తెరలో లేవు. అవి లోపలి డిస్కులో నున్నవి. తెర పోయినంతమాత్రమున అవి పోవు.

తెర పనిచేయు తీరు తెలిసినచో దోషమును పట్టుట సులభము. లోపలి గ్రాఫిక్సు చిప్పు బొమ్మను సిద్ధపరచును. సన్నని తీగల పట్టీ యొకటి దానిని మూతబందు గుండ తెరకు చేర్చును. ఎల్.సి.డి. తెరకు సొంత వెలుగు లేదు. తోలుబొమ్మలాటలో తెరవెనుక దివిటీ యుండిననే బొమ్మలు కనబడినట్లు, దీని వెనుకను దీపముండవలెను. చిప్పు, పట్టీ, తెర, దీపము, వీనిలో చెడినదేదో కనుగొనుటయే మన పని.

అంతకుముందు చిల్లర కారణములను తొలగింపవలెను. పిల్లలు వెలుగు తగ్గించు మీట నొక్కియుందురేమో చూడుడు. మూత మూసినట్లు తెలిసికొనుటకు చాల ల్యాప్‌టాపులలో అయస్కాంతమును పసికట్టు చిన్న సాధనముండును. అందుచే అయస్కాంతపు కొక్కెము గల చేతిగొలుసుతో మీటల ప్రక్కన చేయి ఆనించినను తెర ఆరిపోవచ్చును. బంగారు గాజులకు ఈ దోషము లేదు! పిమ్మట ఛార్జరు తీసి, బ్యాటరీని ఊడదీయు వీలున్నచో దానిని కూడ తీసి, పవరు మీటను 30 సెకండ్లు అదిమిపట్టి, మరల ఛార్జరు తగిల్చి చూడవలెను. ఇంతమాత్రముననే యంత్రము లేచి కూర్చుండుట కలదు.

అప్పటికిని చీకటియే యైనచో గది దీపము లార్పి, టార్చిని తెరకు దగ్గరగా ఏటవాలుగా పట్టి చూడుడు. బొమ్మలు మసకమసకగా కనబడినచో దివిటీ ఆరినది గాని ఆట సాగుచునే యున్నదన్నమాట. సుమారు 2010కి పూర్వపు యంత్రములలో ఆ దీపము పెన్సిలు కంటె సన్నని ట్యూబులైటు వంటిది. దానిని వెలిగించు ఇన్వర్టరు పలక వందల వోల్టులను పుట్టించును గనుక ఇంట విప్పరాదు. తరువాతి వానిలో ఎల్.ఇ.డి. దీపములు వచ్చినవి.

అన్నింటికంటె ముఖ్యమైన పరీక్ష టీవీతో చేయునది. హెచ్.డి.ఎం.ఐ. కేబులుతో ల్యాప్‌టాపును టీవీకి కలిపి, విండోసు మీటను అదిమియుంచి పి మీటను ఒకటి రెండు మార్లు తట్టి, ఎంటరు నొక్కవలెను. టీవీలో బొమ్మ శుభ్రముగా వచ్చినచో చిప్పు నిక్షేపముగా నున్నట్లే. మదర్‌బోర్డు మాట చాలవరకు వీగిపోయినది. తక్షణమే ఫోటోలన్నింటిని పెన్‌డ్రైవులోనికి ఎత్తుకొనుడు. మరమ్మతు సంగతి తరువాత.

ఇక మూతను మెల్లగా ముందునకు వెనుకకు కదల్పుడు. ఒక కోణమున వెలిగి మరియొక కోణమున ఆరుచున్నచో, వేలమార్లు తెరచి మూయుటచే పట్టీ నలిగినదని అనుమానింపవలెను. పేరుపొందిన యంత్రములకును ఇది తప్పలేదు. ఆపిల్ వారి 2016 నాటి 13 అంగుళముల మ్యాక్‌బుక్ ప్రోలో కొన్నింటికి ఈ పట్టీ అరిగి, తెర యడుగున నాటకరంగపు దీపములవలె వెలుగు చారలు కనబడుటయు, పిదప తెర ఆరుటయు జరిగెను. 2019 మే నెలలో ఆ సంస్థ వానిని ఉచితముగా బాగుచేయుటకు పూనుకొనెను.

టీవీలోను అవే చారలు, అదే చీకటి యైనచో దోషము లోపలనే. ర్యాము ముక్క వదులై యుండవచ్చును, అది స్వల్పము. చిప్పే యైనచో ఖర్చు పెద్దది. విండోసు రాకమునుపే, తయారీదారుని గుర్తు కనబడునపుడే చారలున్నచో సాఫ్ట్‌వేరును నిందించి లాభములేదు. 2008 జూలైలో ఎన్‌విడియా సంస్థ తన ల్యాప్‌టాపు చిప్పులలో కొన్నింటి పదార్థము బలహీనమని ఒప్పుకొని, అందలి ఖర్చులకై 15 మొదలు 20 కోట్ల డాలర్లు కేటాయించెను. వేడెక్కుచు చల్లారుచు నుండుటచే అతుకులు బీటలువారుట అట్టి చిప్పుల జాడ్యము. మదర్‌బోర్డును ఓవెనులో కాల్చిన బాగుపడునని చెప్పువారు కలరు. కొన్నాళ్లు పనిచేసినను అది నిలకడ వైద్యము కాదు. పైగా ఆ పొగలు పట్టిన ఓవెనులో పిల్లలకు కేకు చేయు సాహసము ఏ తల్లికిని వలదు.

దుకాణమునకు పోవునపుడు "తెర పోయింది" అనక, "టీవీలో బొమ్మ బాగానే వస్తోంది, మూత కదిపితే వెలుగుతోంది, ముందు కేబులు చూడండి" అని చెప్పుడు. క్రొత్త తెర వేయించినచో పాతదానిని అడిగి తీసికొనుడు.

తెర ఖరీదు యంత్రపు విలువను మించినచో, దానిని టీవీకే శాశ్వతముగా కలిపి వాడుకొనవచ్చును. అప్పుడు మూతను మాత్రము తెరచియే యుంచవలెను. కొన్ని యంత్రముల వేడి మీటల సందులనుండియే వెలుపలికి పోవును.