మళ్లీ చెప్పండి

మీరు విమానం నడపడం నేర్చుకుంటున్నారనుకోండి. మీది చిన్న సెస్నా 172. పక్కన మీ గురువుగారు. ఈరోజు వ్యాంకూవర్ పెద్ద విమానాశ్రయంలో దిగాలి. ఆ ఆకాశంలోకి వెళ్లే ముందే కంట్రోలర్ అనుమతి తీసుకోవాలి.

మీరు దిగే వేగం గంటకు సుమారు 120 కిలోమీటర్లు. వెనక వచ్చే జెట్ వేగం దానికి రెట్టింపు. ముందు వెళ్లిన పెద్ద విమానం రెక్కల చివర సుడిగాలులు పుడతాయి. అవి మెల్లగా కిందికి జారుతాయి. అందుకే మీరు దాని దారికి పైనుంచి వచ్చి, అది నేలను తాకిన చోటు దాటాక దిగాలి.

అన్నిటికంటే కష్టం మాట. రేడియోలో గబగబా చెబుతారు. దిగాక, ఇంకో రన్‌వే ముందు ఆగమంటే, ఆ మాటను మీరు తిరిగి చెప్పాలి. టవర్‌లో వాళ్లు విని సరిచూస్తారు. అర్థం కాకపోతే "సే అగైన్" అనాలి. అంటే "మళ్లీ చెప్పండి" అని. అందులో సిగ్గేమీ లేదు.

1977 మార్చి 27న టెనెరిఫే దీవిలో రెండు జంబో జెట్లు రన్‌వే మీద ఢీకొన్నాయి. 583 మంది చనిపోయారు. రేడియో మాటను సరిగ్గా అర్థం చేసుకోకపోవడం అందుకు ఒక కారణం.

మన ముత్తాతలను తలుచుకోండి. వాళ్ల నోట "అగ్రిమెంట్" "గిర్మిట్" అయింది. తాము చదవలేని ఆ కాగితం మీద ఎంతోమంది వేలిముద్ర వేశారు. మళ్లీ అడిగే వీలు వాళ్లకు ఎక్కడిది? మీకుంది. నేనూ గుడి క్లాసులో అడిగి అడిగే తెలుగు నేర్చుకున్నాను. ఈ వారం మీరూ ఒక్కసారైనా అనండి: "మళ్లీ చెప్పండి, మాస్టారూ!"