గీతకు ఇవతల

కోనసీమలో కొబ్బరిచెట్టును ఇంటికి పెద్దకొడుకు అంటారు. కొబ్బరి వర్తకానికి పేరుపడిన అంబాజీపేటలో ఈ మాట వినని ఇల్లు ఉండదు. కొబ్బరిపై పరిశోధనలు జరిపే ఉద్యాన పరిశోధన కేంద్రం కూడా ఆ ఊరనే ఉన్నది. పొడుగు రకం మొక్కను నాటిన రైతు తొలికాపు కోసం ఆరేడేళ్లు ఓపిక పట్టవలసి ఉంటుంది. పాదు చేయడం, నీరు పోయడం, కొమ్ముపురుగు సోకకుండా కనిపెట్టి ఉండడం అతని వంతు. గెల వేయడం మాత్రం చెట్టు వంతు.

బిడ్డను ఆటలో పెట్టిన తల్లిదండ్రుల స్థితి ఇంచుమించు ఇటువంటిదే. అయితే ఒక్క భేదమున్నది. చెట్టుకు ఓటమి తెలియదు. బిడ్డ ఓడిపోతాడు; ఓడి, కన్నీరు తుడుచుకొని, తండ్రి ముఖం వంక చూస్తాడు. అప్పుడు ఆ ముఖంలో ఏమి కనిపించినదో దానిని బట్టియే చాలమంది పిల్లలు మరునాడు రాకెట్టు పట్టడమో, మూల పడవేయడమో జరుగుతుంది.

పాఠశాలల ఆటలపోటీల ఋతువు వచ్చినదంటే ఈ పరీక్ష మొదలైనట్లే. మండలంలో నెగ్గినవారు జిల్లాకు, జిల్లాలో నెగ్గినవారు రాష్ట్రానికి పోవాలి. పిల్లవాని భుజాన రాకెట్టు సంచి, తల్లి చేత పులిహోర పొట్లం, తండ్రి జేబులో బస్సు చార్జీలు. ఆటస్థలం చేరేవరకు పెద్దవారికి పని ఉంటుంది. ఆట మొదలైన పిమ్మట వారు చేయగలది ఏమీ లేదు. తెల్లగీతకు అవతల బిడ్డ, ఇవతల తాము. అమెరికాలో 1939వ సంవత్సరాన పెన్సిల్వేనియా రాష్ట్రంలోని విలియమ్స్‌పోర్ట్ పట్టణంలో కార్ల్ స్టాట్జ్ అనే ఆయన పిల్లల కోసం 'లిటిల్ లీగ్' పేరిట బేస్‌బాల్ పోటీలను నెలకొల్పాడు. బిడ్డ బంతిని తప్పినప్పుడు పక్కన కూర్చున్న తండ్రి గుండె జారడం అక్కడా ఇక్కడా ఒక్కటే.

కోనసీమ పిల్లలకు బేస్‌బాల్ తెలియదు గాని బ్యాడ్మింటన్ బాగుగా తెలుసు. ఒక బెండుకు 16 ఈకలు గుచ్చిన షటిల్ బరువు 5.5 గ్రాములకు మించదు. చిన్నగాలి వీచినా అది దారి తప్పుతుంది. తంజావూరులో పుట్టి, జట్టుకు అయిదుగురు చొప్పున ఉన్నిబంతితో ఆడే బాల్‌బ్యాడ్మింటన్‌కు ఆరుబయలు చాలు. ఈకల ఆటకు మాత్రం కప్పుగల శాల కావాలి. ఈకలు చెదరినప్పుడల్లా మరొక షటిల్ కావాలి. అందుచేత ఈ ఆట చిన్న ఊళ్ల తల్లిదండ్రుల ఓపికతోపాటు వారి చేతి డబ్బును కూడా పరీక్షిస్తుంది.

అంబాజీపేటకు పొరుగుననే ఉన్న అమలాపురంలో రంకిరెడ్డి కాశీవిశ్వనాథం అనే వ్యాయామోపాధ్యాయులు ఉండేవారు. ఆయన స్వయంగా రాష్ట్రస్థాయిలో బ్యాడ్మింటన్ ఆడినవారు. పెద్దకుమారుడూ ఆ ఆటయే ఆడాడు. 2000 ఆగస్టు 13న జన్మించిన చిన్నకుమారుడు సాత్విక్‌సాయిరాజ్ అటువంటి ఇంట పెరిగి రాకెట్టు పట్టడంలో వింత లేదు.

ఆట తెలిసిన తండ్రికి ఇతర తండ్రులకు లేని చిక్కు ఒకటి ఉంటుంది. బిడ్డ ఎక్కడ అడుగు తప్పుతున్నాడో అతని కంటికి కనబడుతూనే ఉంటుంది. తెలియనివాడు మౌనంగా ఉండడం సులభం. తెలిసినవాడు మౌనంగా ఉండడం తపస్సు. అంతకంటె కష్టమైనది మరొకటి కలదు. తనకు వచ్చినంత నేర్పిన పిమ్మట, తనకంటె ఎక్కువ నేర్పగలవారి చేతిలో బిడ్డను పెట్టి వెనుకకు తిరిగి రావడం. సాత్విక్ 2014లో హైదరాబాదులోని పుల్లెల గోపీచంద్ అకాడమీలో చేరాడు. 2001లో ఆల్ ఇంగ్లండు పోటీలలో విజేతగా నిలిచిన గోపీచంద్ నెలకొల్పిన శిక్షణాలయం అది. అంత దూరాన ఉన్న బిడ్డ ఆటను ఇంటివారు గీతకు ఇవతల కూర్చుని కూడా చూడలేరు. టెలిఫోనులో వినవచ్చే గొంతును బట్టి గెలుపోటములు గ్రహించుకొనవలసినదే.

జంటల ఆటలో కొడుకుకు తోడెవరో నిర్ణయించడం కూడా తండ్రి చేతిలో లేదు. 2016లో మలేషియా దేశీయుడైన శిక్షకుడు టాన్ కిమ్ హెర్, సాత్విక్‌ను ముంబయికి చెందిన చిరాగ్ శెట్టితో జత కలిపాడు. ఇద్దరూ వెనుక నిలిచి బలంగా కొట్టేవారే. ముందుకు వచ్చి వలదగ్గర ఆడడం వారు నేర్చుకొనవలసి వచ్చినది.

తెలుగునాట ఇటువంటి మరొక తండ్రి పి.వి. రమణ. 1986 సియోల్ ఆసియా క్రీడలలో కాంస్యపతకం గెలిచిన భారత వాలీబాల్ జట్టులో ఆయన ఆడారు. కూతురు సింధు తండ్రి ఆటను విడిచి బ్యాడ్మింటన్‌ను ఎన్నుకొన్నది. ఆయన కాదనలేదు. తెల్లవారకముందే లేచి, నగరం ఒక కొస నుండి మరొక కొసన ఉన్న గచ్చిబౌలికి ఆమెను తీసుకొని పోయేవారు. 2016లో రియో ఒలింపిక్స్ రజతపతకం, 2021లో టోక్యో కాంస్యపతకం ఆమె గెలుచుకొన్నది. తండ్రి నడిపిన దారి శిక్షణాలయం గుమ్మం వరకే. ఆపైన నడిచినది ఆమె.

అమలాపురం ఇంటికి పెద్దకాపు రావడానికి ఎనిమిదేళ్లు పట్టినది. 2022 మే 15న బ్యాంకాక్‌లో భారతజట్టు ఇండోనేషియాను 3-0తో ఓడించి తొలిసారి థామస్ కప్పు గెలిచినది. ఆ మూడింటిలో ఒక గెలుపు సాత్విక్, చిరాగ్‌లది. 2023 ఏప్రిల్‌లో జపానులో కొలిచినప్పుడు సాత్విక్ కొట్టిన షటిల్ వేగం గంటకు 565 కిలోమీటర్లని తేలి ప్రపంచ రికార్డుకెక్కినది. అదే సంవత్సరం అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో, బ్యాడ్మింటన్‌లో భారతదేశానికి తొలి స్వర్ణపతకం ఈ జంట తెచ్చినది. ఆ నెలలోనే వారు ప్రపంచంలో మొదటి స్థానానికి చేరారు. 2023 సంవత్సరానికి ఖేల్‌రత్న పురస్కారం కూడా వారికి ప్రకటింపబడినది.

2024 జనవరిలో ఆ పురస్కారాల ప్రదానం జరిగినప్పుడు ఇద్దరూ మలేషియాలో ఆడుతున్నారు. వారు దానిని అందుకొనే సందర్భం 2025 ఫిబ్రవరిలో వచ్చినది. ఆ సభ కోసం ఢిల్లీకి బయలుదేరిన కాశీవిశ్వనాథం ఫిబ్రవరి 20న గుండెపోటుతో దారిలోనే కన్నుమూశారు. ఆ ఆగస్టులో పారిస్ నగరంలో జరిగిన ప్రపంచ పోటీలలో సాత్విక్, చిరాగ్ కాంస్యపతకం సాధించారు. 2022లో కూడా ఆ పోటీలలో వారికి కాంస్యమే లభించినది. రెండవ పతకాన్ని చూపడానికి తండ్రి లేడు.

బిడ్డ బిరుదు అందుకొనే సభయే తండ్రి శ్రమకు ప్రతిఫలమైతే, ఆ తండ్రికి ప్రతిఫలం దక్కలేదనవలసి ఉంటుంది. కాని ఆటలో తల్లిదండ్రుల వంతు సభలో అందేది కాదు. బిడ్డ చేతికి తొలిసారి రాకెట్టు ఇచ్చిననాడే అది మొదలవుతుంది. బిడ్డ ఓడివచ్చిన సాయంకాలం ఏమీ అడగక అన్నం వడ్డించడంలో కొంత, పొరుగూరికి పంపి మరునాడు ఖాళీ గదిని చూడడంలో కొంత, అది అందుతూనే ఉంటుంది. ఆ వంతును ఎవరూ తీసివేయలేరు.

పరీక్షలు దగ్గరపడినప్పుడు డ్రిల్లు మాస్టారి గంటను లెక్కల మాస్టారు అరువు అడగడం మన బడులలో పరిపాటి. అరువు తీరిన సందర్భాలు అరుదు. అమలాపురంలో అటువంటి డ్రిల్లు మాస్టారి ఇంటనే ప్రపంచంలో మొదటి స్థానానికి చేరిన ఆటగాడు పెరిగాడు. ప్రతి బడి నుండి అటువంటివాడు రాడు. రావలసిన పని కూడా లేదు. ఆ గంటలో ఓడిపోయి తలయెత్తే పిల్లవానికి, గీతకు ఇవతల కోపంలేని ముఖం ఒకటి కనిపిస్తే చాలు. అంబాజీపేటలో ఈ ఉదయం మొక్క నాటుతున్న రైతు గెలలు లెక్కపెట్టడు. పాదుకు నీరు పెట్టి ఇంటికి పోతాడు. రేపు మళ్లీ వస్తాడు.