కల రాశావా, కళ రాశావా?

నేను ఇంటర్ రెండో ఏడు చదువుతున్న రోజులు. ఒక లెక్చరర్ క్లాసులోకి వచ్చి, "చేతిరాత బాగున్నవాళ్ళు ఎవరైనా శనివారం ఖాళీగా ఉన్నారా?" అని అడిగారు. అలా ఒక డిగ్రీ విద్యార్థినికి స్క్రైబ్‌గా వెళ్ళాను. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. పరీక్ష తెలుగు సాహిత్యం. వరండా చివర చిన్న గది, రెండు కుర్చీలు, గుమ్మం దగ్గర ఇన్విజిలేటర్. ఆమె చెబుతోంది, నేను రాస్తున్నాను. మొదటి జవాబు సగంలో ఉండగా ఆగి అడిగింది: "తమ్ముడూ, ఇప్పుడు కల రాశావా, కళ రాశావా?"

కాగితం చూసుకున్నాను. 'కల' అని ఉంది. ఆమె చెబుతున్నది కవిత్వమనే కళ గురించి. మా ఇంట్లో 'ళ' పలికేవాళ్ళు తక్కువ, నా చేయి చెవినే నమ్ముకుంది. కొట్టేసి దిద్దాను. కళ్ళున్న నేను పొరపడ్డ చోట, అక్షరాన్ని ఎప్పుడూ చూడని అక్కకి అంత గట్టిగా ఎలా తెలిసిందా అని ఆ పూటంతా ఆశ్చర్యపోయాను. బ్రెయిలీ ఎలా ఉంటుందో తెలుసుకున్నాక ఆ ఆశ్చర్యం తీరింది.

బ్రెయిలీలో ఒక్కో అక్షరానికి ఆరు చుక్కల గడి. ఎడమ వరసలో పై నుంచి కిందికి 1, 2, 3. కుడి వరసలో 4, 5, 6. ఏ చుక్క ఉబ్బింది, ఏది ఉబ్బలేదు అన్నదాన్ని బట్టి 63 రూపాలు వస్తాయి. పారిస్‌కు తూర్పున ఉన్న కూప్‌వ్రే అనే ఊళ్ళో 1809లో పుట్టిన లూయీ బ్రెయిల్, మూడేళ్ళ వయసులో గుర్రపు జీనులు కుట్టే తండ్రి దుకాణంలో ఆడుకుంటూ, తోలుకు తూట్లు పొడిచే ఆరె కంట్లో గుచ్చుకుని చూపు పోగొట్టుకున్నాడు. పదిహేనేళ్ళకే, 1824లో, ఈ లిపికి రూపం తెచ్చాడు. మన దేశంలో ఒక్కోచోట ఒక్కో పద్ధతిగా ఉన్న బ్రెయిలీని 1951లో అన్ని భాషలకూ ఒకే పద్ధతిగా కూర్చారు. దాని పేరు భారతీ బ్రెయిలీ. తెలుగు 'క'కూ, హిందీ 'క'కూ, తమిళ 'క'కూ అవే చుక్కలు: 1, 3. ఒత్తులు కింద వేలాడవు. 'అమ్మ' రాయాలంటే 'అ' తర్వాత నాలుగో చుక్క ఒక్కటే పెట్టి, పక్కన రెండు 'మ'లు వరసగా రాస్తారు. ఆ నాలుగో చుక్క వెనకాల వచ్చే హల్లుకు పొల్లు.

ఇక కలా కళా సంగతి. 'ల' అంటే 1, 2, 3, అంటే ఎడమ వరస మొత్తం. 'ళ' అంటే 4, 5, 6, కుడి వరస మొత్తం. వేలి కింద ఇవి ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాల్లా ఉంటాయి. వేలితో చదివి నేర్చుకున్న మనిషికి కలకూ కళకూ మధ్య తేడా ఎడమ చేతికీ కుడి చేతికీ ఉన్నంత. 'న', 'ణ'లకూ, 'శ', 'ష', 'స'లకూ కూడా వేరువేరు చుక్కలే. చెవితో మాత్రమే చదువుకున్న పిల్లలకు ఈ తేడాలు అందవు. ఫోనే అన్నీ చదివి పెడుతుంటే ఇంకా బ్రెయిలీ ఎందుకు అనే మాట ఈమధ్య తరచుగా వినబడుతోంది. నేను దాన్ని ఒప్పుకోలేను. వినడం వల్ల విషయం తెలుస్తుంది. అక్షరం మాత్రం చేతికి తగలాలి.

ఆ చదివే వేలి వెనక మెదడులో ఏం జరుగుతోందో 1996లో నోరిహిరో సదాటో బృందం 'నేచర్' పత్రికలో ప్రకటించింది. చిన్నప్పుడే చూపు పోయినవారు బ్రెయిలీ చదువుతున్నప్పుడు, మామూలుగా కంటి నుంచి సంకేతాలు అందుకునే దృశ్య వల్కలం కూడా పనిచేస్తోంది. కంటి నుంచి పని రాకపోతే ఆ చోటు ఖాళీగా పడి ఉండదు, వేలి పనికి చేయి కలుపుతుంది. చెవి విషయంలోనూ ఇలాంటిదే ఉంది. మనం సెకనుకు ఎనిమిది, పది అక్షరాలు దాటితే మాట పోల్చుకోలేం. సాధన చేసిన అంధులు సెకనుకు 22 దాకా అర్థం చేసుకోగలరని జర్మనీలో ట్యూబింజెన్ పరిశోధకులు చూపించారు. పక్కన కూర్చున్న మనకు కందిరీగల మోతలా వినబడే ఫోన్ గొంతు వాళ్ళకు వార్తాపత్రిక.

ఇంత సామర్థ్యం ఉన్నా చదవడానికి పుస్తకం ఉండాలి కదా. ఉబ్బెత్తు చుక్కలు నలగకుండా నిలవాలంటే దళసరి కాగితం కావాలి, ఒక్క పాఠ్యపుస్తకం నాలుగైదు సంపుటాలవుతుంది. అందుకే పుస్తకాన్ని గొంతులోకి మార్చే పని మొదలైంది. రెండో ప్రపంచయుద్ధంలో చూపు పోగొట్టుకున్న సైనికులు కాలేజీల్లో చేరితే, వాళ్ళకు పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేసి ఇవ్వడానికి న్యూయార్క్‌లో ఆన్ మెక్‌డొనాల్డ్ 1948లో స్వచ్ఛంద సేవకులతో ఒక సంస్థే పెట్టారు. మన దగ్గర మచిలీపట్నం ప్రాంతపు సీతారామపురం కుర్రాడు, చూపులేని బొల్లా శ్రీకాంత్, పదో తరగతి తర్వాత సైన్సు చదువుతానంటే అప్పటి రాష్ట్ర నిబంధనలు ఒప్పుకోలేదు. కోర్టుకు వెళ్ళి గెలిచాడు. సీటు వచ్చింది, మరి పుస్తకాలు? పాఠాలన్నీ ఆడియోగా మార్పించుకుని విని చదివాడు. ఆ తర్వాత అమెరికాలో ఎం.ఐ.టి.కి వెళ్ళాడు, తిరిగి వచ్చి బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టాడు. ఆయన పట్టుదల గురించి అందరూ రాశారు. ఫిజిక్స్ పాఠాన్ని పేజీ పేజీ గొంతుతో చదివిన మనిషి గురించి కూడా ఎవరైనా రాస్తే బాగుండును.

ఎందుకంటే ఆ పని వినడానికి తేలికగా ఉంటుంది, చేయబోతే తెలుస్తుంది. కాగితం మీద లెక్కకు పైనా కిందా ఉంటాయి. మాటకు ముందూ వెనకా మాత్రమే ఉంటాయి. "రూట్ ఎక్స్ ప్లస్ వన్" అని చదివితే విన్నవాడు ఏమనుకోవాలి? ఎక్స్‌కు మాత్రమే రూటా, ఎక్స్ ప్లస్ వన్ మొత్తానికా? జవాబు మారిపోతుంది. అమెరికాలో అబ్రహాం నెమెత్ అనే అంధ గణితాచార్యుడు ఈ చిక్కును జీవితాంతం పట్టించుకున్నాడు. గణితానికి ప్రత్యేకంగా బ్రెయిలీ లిపి కల్పించి 1952లో ప్రకటించాడు. తనకు చదివిపెట్టేవాళ్ళతో పనిచేస్తూ, లెక్కను నోటితో ఎలా చదవాలో కూడా నియమాలు ఏర్పరిచాడు. భిన్నం మొదలైనప్పుడు "భిన్నం మొదలు", ముగిసినప్పుడు "భిన్నం ముగిసింది" అనాలి. రూటు కిందికి దిగినప్పుడు చెప్పాలి, పైకి వచ్చినప్పుడూ చెప్పాలి. తెలుగులో లెక్కల పాఠాలు చదివి రికార్డు చేసేవారికి ఈ ఒక్క అలవాటు నేర్పితే చాలు, ఎందరో పిల్లలు లెక్కలు వదిలేసి ఆర్ట్స్ గ్రూపులకు పోవలసిన అవసరం తగ్గుతుంది.

బొమ్మల దగ్గర ఇంకో తప్పు చేస్తాం. "ఇక్కడ గుండె బొమ్మ ఉంది" అని చెప్పి పేజీ తిప్పేస్తాం. ఆ బొమ్మ ఏం నేర్పుతోందో చెప్పాలి: నాలుగు గదులు, పైన రెండు, కింద రెండు, రక్తం ఏ గదిలోంచి ఏ గదిలోకి పోతోంది. బాణాలకు ఎరుపు వేశారా నీలం వేశారా అన్నది, రంగుకు అర్థం ఉంటేనే చెప్పాలి.

మంచి గొంతు లేనివారు చేయగల పని కూడా ఒకటుంది, తెలుగుకు దాని అవసరం చాలా ఎక్కువ. కంప్యూటర్లో అక్షరాలను పైకి చదివే స్క్రీన్ రీడర్లు ఇప్పుడు ఉచితంగా దొరుకుతున్నాయి. ఎన్‌వీడీఏ అనే దాన్ని ఆస్ట్రేలియాలో ఒక అంధ యువకుడు 2006లో మొదలుపెట్టాడు. యూనికోడ్‌లో ఉన్న తెలుగును ఇవి చదువుతాయి. మన పుస్తకాల్లో చాలా భాగం మాత్రం దశాబ్దాలుగా పాత డీటీపీ ఫాంట్లలో అచ్చయింది. కంటికి అది చక్కని తెలుగే. లోపల దాచుకున్నవి మాత్రం ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు, వాటికి తెలుగు ముసుగు తొడిగారు. స్క్రీన్ రీడర్ ఆ ముసుగు చూడదు, లోపలున్న అర్థం లేని ఇంగ్లీషును గడగడా చదివేస్తుంది. పోనీ పేజీని స్కాన్ చేసి అక్షరాలు గుర్తుపట్టించుదామంటే 'మ'ను 'వు' అనుకుంటుంది, 'ష'ను 'ప' అనుకుంటుంది, ఒత్తు మింగేస్తుంది. 'మేము' కాస్తా ఇంకేదో అవుతుంది. ఒక మనిషి కూర్చుని మూలంతో పోల్చి దిద్దితే తప్ప ఆ పుస్తకం చదవదగ్గది కాదు. రోజుకు రెండు పేజీలు దిద్దే రిటైర్డు తెలుగు మాస్టారు ఏడాదికి రెండు మూడు పుస్తకాలను బతికిస్తారు.

ప్రచురణకర్త ఒప్పుకోవాలా అన్న సందేహం చాలామందిని ఆపేస్తుంది. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ, చదవలేని వైకల్యం ఉన్నవారి కోసం లాభాపేక్ష లేకుండా పుస్తకాన్ని అనువైన రూపంలోకి మార్చుకోవచ్చని చెప్పింది. ఇదే ఉద్దేశంతో 2013లో మొరాకోలోని మరకేష్‌లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరితే, దాన్ని అందరికన్నా ముందు ధ్రువీకరించిన దేశం మనదే. ఇలా మార్చిన పుస్తకాలను ఒకచోట చేర్చడానికి 2016లో సుగమ్య పుస్తకాలయం అనే ఆన్‌లైన్ గ్రంథాలయం మొదలైంది. చట్టం దారి వేసింది. నడవవలసింది మనం.

బొత్తిగా కనిపించనివారి గురించే ఇంతసేపూ చెప్పాను. కొద్దిగా కనిపించేవారి బాధ వేరు, అది మనకు అర్థం కావడం మరీ కష్టం. మామూలు చూపున్నవారు 60 మీటర్ల దూరం నుంచి పోల్చుకునే అక్షరాన్ని 3 మీటర్ల దగ్గరికి వచ్చినా పోల్చుకోలేకపోతే 2016 నాటి మన దివ్యాంగుల హక్కుల చట్టం దాన్ని అంధత్వం అంటుంది. అంతకంటే నయమైనా కళ్ళద్దాలతో సరికాని చూపు అల్పదృష్టి. రెటినైటిస్ పిగ్మెంటోసా ఉన్నవారికి పక్క చూపు పోయి గొట్టంలోంచి చూస్తున్నట్టుంటుంది. పేపరు చదవగలరు, పొద్దుగూకాక వాకిట్లో బిందె తన్నుకుని పడతారు. మాక్యులా దెబ్బతిన్నవారికి దీనికి తలకిందులు: నడవగలరు, ఎదురుగా ఉన్న మనిషి ముఖం మాత్రం మసక. "అది కనిపించింది, ఇది కనిపించలేదా? నటన!" అనే మాట ఈ ఇద్దరూ జీవితాంతం పడతారు.

వీళ్ళకు చేయగల సాయంలో ఎక్కువ భాగం ఇంట్లోనే ఉంది. తెల్ల పింగాణీ కంచంలో పెరుగన్నం పెడితే అది కనిపించదు, ముదురు రంగు కంచంలో పెడితే కనిపిస్తుంది. మెట్ల అంచుకు పసుపు పట్టీ వేయాలి. దీపం ఎదురుగా కాక వెనక నుంచి భుజం మీదుగా పడాలి. పిల్లవాడు పుస్తకాన్ని ముక్కుకు ఆనించి చదువుతుంటే "కళ్ళు పాడైపోతాయి" అని లాగేస్తాం. పాడవవు. 40 సెంటీమీటర్ల దూరం నుంచి 10కి తెచ్చుకుంటే రెటీనా మీద అక్షరం నాలుగు రెట్లు పెద్దదవుతుంది. ఆ పిల్లవాడు తన భూతద్దాన్ని తానే కనిపెట్టాడు. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వంటి చోట్ల పునరావాస విభాగాలు ఈ చిట్కాలనే ఓపికగా నేర్పిస్తాయి. "ఇక చేయగలిగింది లేదు" అన్న డాక్టరు మాట తర్వాత మొదలయ్యే వైద్యం ఇది.

దారిలో చేసే సాయం గురించి ఒక్క మాట. చేయి పట్టుకుని లాగకండి. మీ మోచేయి అందించండి. వాళ్ళు దాన్ని పట్టుకుని అరడుగు వెనకగా నడుస్తారు. మీరు మెట్టు దిగితే మీ చేయి దిగుతుంది, అది వాళ్ళకు అరడుగు ముందే తెలుస్తుంది. బస్టాపులో "ఏ బస్సు కావాలండీ?" అని అడిగి, వచ్చిన బస్సు నంబరు చదివి చెబితే చాలు. ఇదే పనిని ఫోన్ కెమెరా ద్వారా ఎక్కడున్నవారైనా చేసేలా, తనకూ చూపు తగ్గిన హాన్స్ యోర్గన్ వీబర్గ్ అనే డెన్మార్క్ ఫర్నిచర్ పనివాడు 2015లో 'బీ మై ఐస్' యాప్ తెచ్చాడు. పాల ప్యాకెట్ మీద తేదీ ఏమిటి, ఈ చొక్కా ఏ రంగు, ఇలాంటి ప్రశ్నలే. తేదీ చదవాలి. ఆ పాలు వాడాలో పారబోయాలో వాళ్ళిష్టం.

మళ్ళీ ఆ పరీక్ష గదికి వస్తాను. స్క్రైబ్‌ను అభ్యర్థే తెచ్చుకుంటే అతని చదువు అభ్యర్థి చదువు కన్నా ఒక మెట్టు తక్కువ ఉండాలనీ, గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలనీ కేంద్ర ప్రభుత్వ 2018 మార్గదర్శకాలు చెప్పాయి. మొదటిది స్క్రైబ్ తన తెలివి కలపకుండా. దాంతో వచ్చే తిప్పలూ ఉన్నాయి: కెమిస్ట్రీ తెలియని పిల్లవాడికి కెమిస్ట్రీ పేరు అక్షరం అక్షరం చెప్పాలి, పైగా మార్చిలో అందరికీ పరీక్షలే, స్క్రైబ్ దొరకడమే గండం. రెండోదాన్ని దయ అనుకునేవారున్నారు. చదివేటప్పుడు మన కన్ను చేసే గెంతుల్లో పదింట ఒకటైనా వెనక్కి వెళుతుంది. ప్రశ్నను మళ్ళీ చూస్తాం, రాసిన వాక్యాన్ని మళ్ళీ చూస్తాం, చూస్తున్నామని కూడా తెలియదు. చూపు లేనివారు అదంతా తలలో మోయాలి, లేదా అడిగి మళ్ళీ చదివించుకోవాలి. ఆ 20 నిమిషాలు ఆ గెంతుల ఖరీదు.

చివరి అరగంటలో అక్క అంది, "ఇక మొదటి నుంచి చదువు. రాసింది రాసినట్టు." చదువుతూ పోయాను. మూడో జవాబులో ఒకచోట ఆమె 'ఇష్టం' అంటే నేను 'అభిరుచి' అని రాసి ఉన్నాను. సాహిత్యం పరీక్ష కదా, బరువైన మాటైతే మార్కు వస్తుందని నా లెక్క. ఆమె చేయి ఎత్తి ఆపింది. "ఈ మాట నేను చెప్పలేదు కదా తమ్ముడూ."

కొట్టేసి, పైన 'ఇష్టం' అని రాశాను. "ఊఁ, చదువు," అంది.