మందు మన దగ్గరిదే, మాటే దూరం

మల్లన్నసాగర్ జలాశయంతో పేరు మోగిన సిద్దిపేట జిల్లా తొగుట నుంచి హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. ఆ నగరానికి చెందిన డాక్టర్ రెడ్డీస్, హెటెరో కంపెనీలు 2025 సెప్టెంబరులో ఒక మాట ఇచ్చాయి. హెచ్ఐవీ సోకకుండా ఆరు నెలలకోసారి వేయించుకునే లెనకపవిర్ ఇంజెక్షన్‌ను 2027 నుంచి 120 దేశాలకు, మనిషికి ఏడాదికి 40 డాలర్లకే ఇస్తామన్నాయి. అమెరికాలో దీని ప్రకటిత ధర ఏడాదికి 28 వేల డాలర్ల పైమాటే.

గే, బైసెక్సువల్ పురుషుల్లో ఈ మందు పనితనం పర్పస్-2 పరీక్షల్లో రుజువైంది. సోకే ముప్పు 96 శాతం తగ్గింది. బ్రెజిల్, మెక్సికో, పెరూ, అర్జెంటీనాల వాళ్లూ ఆ పరీక్షలకు ముందుకొచ్చారు. చౌక మందు అందే దేశాల జాబితాలో మాత్రం ఆ నాలుగింటికీ చోటు దక్కలేదు. ఇది అన్యాయం.

అమెరికాలో మన ఇరుగుపొరుగున ఉండే హిస్పానిక్ కుటుంబాల సంగతీ తెలుసుకోవాలి. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క ప్రకారం 2018-2022 మధ్య హిస్పానిక్ గే, బైసెక్సువల్ పురుషుల్లో హెచ్ఐవీ నిర్ధారణలు 24 శాతం పెరిగాయి. ఇన్సూరెన్స్ లేకపోవడం, వలస కాగితాల భయం, భాష అడ్డంకి ఒక పక్క. ఇంట్లో తెలిస్తే ఎట్లా అన్న దిగులు ఇంకో పక్క.

ఆ దిగులు మనకు కొత్తదా?

1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సోలమన్ బృందం దేశంలో తొలి హెచ్ఐవీ కేసులను గుర్తించింది. ఆ తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రచారం ఎక్కువగా సెక్స్‌వర్కర్లు, లారీ డ్రైవర్ల చుట్టూ సాగింది. మగవాళ్లతో సంబంధమున్న మగవాళ్లు, దాన్ని నేరంగా చూసే 377 సెక్షన్‌కు జడిసి చాటునే ఉండిపోయారు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఆ భయం తీసేసింది. నాలుగు రోజులకే, 10న, హెచ్ఐవీ చట్టం అమల్లోకొచ్చింది. అనుమతి లేకుండా పరీక్ష చేయడం, ఫలితం బయటపెట్టడం, వివక్ష చూపడం ఇప్పుడు చట్టవిరుద్ధం.

చట్టం మారినంత వేగంగా ఇల్లు మారలేదు. దేశంలో పెద్దవాళ్లందరిలో హెచ్ఐవీ 0.2 శాతమైతే, మగవాళ్లతో సంబంధమున్న మగవాళ్లలో 2021 సర్వేలో 3 శాతం దాటింది. వీరిలో పెళ్లయినవాళ్లు తక్కువేమీ కాదు. ఇంటివాళ్ల ఒత్తిడికి తలొగ్గి తాళి కట్టినవాడు తన సంగతి ఎవరికీ చెప్పలేడు. పరీక్షకు వెళ్లడు. ఆ ముప్పు ఏమీ తెలియని భార్య మీదా పడుతుంది. మండలంలో అందరూ ఎరిగినవాళ్లే కాబట్టి తొగుట కుర్రాడికి ఆసుపత్రి గడప తొక్కడమే గండం. గల్ఫ్ వెళ్లాలనుకునేవాడికి మెడికల్‌లో ‘అన్‌ఫిట్’ అంటారేమోనన్న గుబులు అదనం.

ఆ జంకు పోగొట్టే దారిని హైదరాబాద్ నారాయణగూడలోని మిత్ర్ క్లినిక్ చూపింది. ట్రాన్స్‌జెండర్ల కోసం 2021లో మొదలైన ఈ క్లినిక్‌లో వాళ్ల సముదాయం వాళ్లే ఉద్యోగులు. 2025లో అమెరికా సాయం ఆగి మూతపడింది. తర్వాత టాటా ట్రస్ట్స్ అండతో సబ్‌రంగ్ పేరున మళ్లీ తెరుచుకుంది.

తెలియాల్సినవి కొన్నే. ప్రభుత్వ ఐసీటీసీ కేంద్రాల్లో పరీక్ష ఉచితం. హెచ్ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు 2004 నుంచి ఉచితం. మందులు తప్పకుండా వాడి, రక్తపరీక్షలో వైరస్ కనిపించనంతగా తగ్గినవారి నుంచి లైంగికంగా అది సోకదు. 782 మగ జంటలను గమనించిన పార్టనర్-2 అధ్యయనంలో అలా సోకిన కేసు ఒక్కటీ లేదు. సోకకముందే వాడే ప్రెప్ మాత్రలూ ఉన్నాయి. పొరపాటు జరిగితే 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడే పెప్ ఉంది. కండోమ్ హెచ్ఐవీతో పాటు ఇతర సుఖవ్యాధులనూ అడ్డుకుంటుంది.

అమెరికాలోని మన తెలుగు సంఘం వార్షికోత్సవాల్లో బీపీ, షుగర్ పరీక్షల బల్ల పక్కనే హెచ్ఐవీ పరీక్షకూ ఒక బల్ల వేయండి. ఇంటికి ఫోన్ చేసినప్పుడు తమ్ముడి పెళ్లికి తొందరపెట్టే ముందు అతని మనసు అడగండి. అతను చెప్పింది విని కోప్పడకండి. దేశంలో ఎక్కడున్నా, పేరు చెప్పకుండానే, ఉచితంగా మాట్లాడగలిగే నంబరు 1097 అని అతనికి చెప్పండి.