పెద్దకర్మ అయిపోయాక

మంచానపడ్డ మనిషి పోవడం వేరు, పొద్దున బండెక్కి పనికెళ్ళిన మనిషి సాయంత్రానికి మార్చురీలో ఉండటం వేరు. మొదటిదాంట్లో ఇంటివాళ్ళు కొంతైనా సిద్ధపడి ఉంటారు. చెప్పుకోవాల్సిన మాటలు చెప్పుకుంటారు, బ్యాంకు పుస్తకం ఎక్కడుందో అడిగి తెలుసుకుంటారు. రెండోదాంట్లో ఆ వ్యవధే దొరకదు. 2022లో రోడ్డు ప్రమాదాల్లోనే దేశంలో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. గుండెపోట్లు, కరెంటు షాకులు, ఆత్మహత్యలు వీటికి అదనం. ఇన్ని ఇళ్ళలో మిగిలినవాళ్ళకు ఏం కావాలో మనం పెద్దగా ఆలోచించం. నాలుగు ధైర్యవచనాలు చెప్పి వచ్చేస్తాం. నా మటుకు నాకు, ధైర్యం కన్నా ముందు వాళ్ళకు నిజం కావాలి. ఆపైన పనులు తన మీద వేసుకునే మనిషి కావాలి. ఆ మనిషి నెల తిరిగాక కూడా గుమ్మంలోకి రావాలి.

కబురు ఎలా చేరుతుందో చూడండి. “నాన్నకి కొంచెం సీరియస్‌గా ఉంది, వెంటనే బయల్దేరు.” హైదరాబాదు నుంచి శ్రీకాకుళం వెళ్ళే రాత్రి బస్సులో కొడుకు దారి పొడుగునా ఫోన్లు చేస్తూనే ఉంటాడు. ఎత్తినవాళ్ళందరూ మాట దాటేస్తారు. తెల్లారి వీధి మొగలో టెంటు చూసి విషయం తెలుసుకుంటాడు. దారిలో ఏమైపోతాడోనన్న ప్రేమతోనే అలా చేస్తారు, కాదనను. కానీ అందరికీ తెలిసిన సంగతి తనకొక్కడికే చెప్పలేదన్న బాధ ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. అతను ఉంటున్న ఊళ్ళో ఒక స్నేహితుడికి ముందు చెప్పి, గదికి పంపించి, ఎదురుగా కూర్చోబెట్టి “చనిపోయారు” అని చెప్పించి, తోడుగా బస్సెక్కించడం మేలు. ఎక్కడ, ఎలా, ఆ సమయంలో పక్కన ఎవరున్నారు అని అడుగుతాడు. చెప్పింది బుర్రకెక్కదు కాబట్టి మళ్ళీ మళ్ళీ అడుగుతాడు. విసుక్కోకుండా అడిగినన్నిసార్లూ చెప్పాలి.

కడసారి చూపు విషయమూ అంతే. దెబ్బలు ఎక్కువ తగిలాయని ఆడవాళ్ళకు చూపించకుండా నేరుగా దహనానికి తీసుకెళ్ళే ఇళ్ళున్నాయి. మొహం ఎలా ఉందో, కట్లు ఎక్కడెక్కడ కట్టారో ముందే మెల్లగా చెప్పి, చూడాలో వద్దో వాళ్ళనే తేల్చుకోనివ్వాలి. కొందరికి చెయ్యి పట్టుకుంటే చాలు.

ప్రమాదమైనా, ఆత్మహత్య అయినా పోలీసులు వస్తారు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ ప్రకారం శవ పంచనామా చేసి పోస్టుమార్టానికి పంపిస్తారు. అది చట్టం చెప్పిన పద్ధతే తప్ప ఇంటివాళ్ళ మీద అనుమానమని కాదు. ఈ ఒక్క ముక్క ఎవరైనా విడమరిచి చెబితే సగం భయం పోతుంది. మార్చురీ బయట గంటల తరబడి నిలబడటం, సంతకాలు పెట్టడం, ఎఫ్ఐఆర్ నకలు అడగడం లాంటివి దగ్గరి బంధువొకరు చూసుకోవాలి. వాచీ, పర్సు, ఉంగరం ఒక కవర్లో వేసి చేతికిస్తారు. ఆ కవరు ఇంటికి చేర్చేదీ ఆయనే. బట్టలు ఉతికించొచ్చా, అలాగే ఉంచాలా అని భార్యనో తల్లినో అడిగాకే ముట్టుకోవాలి.

తరవాత కాగితాలు. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము ఉండదు. ఆసుపత్రిలో పోతే వాళ్ళే తెలియజేస్తారు, ఇంట్లో పోతే ఇంటివాళ్ళే చెప్పాలి. మరణ ధ్రువీకరణ పత్రం నకళ్ళు అయిదారు తీసుకోండి, ప్రతి ఆఫీసూ ఒకటి అడుగుతుంది. పోయినాయన పాస్‌బుక్కులో మే నెలాఖరు పద్దులు చూడండి. 436 రూపాయలు కోత పడితే జీవన్ జ్యోతి బీమా, 20 రూపాయలైతే సురక్ష బీమా. మొదటిది ఏ మరణానికైనా, రెండోది ప్రమాద మరణానికి నామినీకి 2 లక్షలు ఇస్తుంది. ఆ కోత సంగతి ఇంట్లో ఎవరికీ తెలియక అడగకుండా వదిలేసిన డబ్బు ఎంతో ఉంటుంది. పీఎఫ్ ఉన్న ఉద్యోగమైతే దానికి అనుబంధంగా 7 లక్షల దాకా బీమా వస్తుంది. రోడ్డు ప్రమాదమైతే ట్రిబ్యునల్లో క్లెయిము ఆరు నెలల్లోపు వేయాలి. గుద్ది పారిపోయిన బండి దొరక్కపోయినా 2 లక్షల పరిహారం ఉంది. ఓటీపీలు వస్తుంటాయి కాబట్టి ఆయన సిమ్ వెంటనే ఆపించకండి. ఆయన ఏటీఎం కార్డుతో డబ్బు మాత్రం తీయకండి, తరవాత వారసుల మధ్య అదో పెద్ద తగాదా అవుతుంది. ఇదంతా పుట్టెడు దుఃఖంలో ఉన్న మనిషి చేయగలిగింది కాదు. “ఏదైనా సాయం కావాలంటే అడుగు” అంటే ఆమె అడగదు. “సోమవారం పదింటికి బ్యాంకుకి నేనొస్తా, ఆధార్ తీసి పెట్టమ్మా” అనాలి.

మన ఆచారాలు మొదటి రోజులకు చక్కగా ఏర్పాటు చేశాయి. పొయ్యి వెలగని ఇంటికి చుట్టాలు వండి తెస్తారు. పరామర్శకు ఊరంతా వస్తుంది. క్రైస్తవుల ఇళ్ళలో ఆదరణ కూటం పెడతారు, ముస్లింల ఇళ్ళకు మూడు రోజులూ జనం వచ్చిపోతుంటారు. పెద్దకర్మ భోజనాలయ్యాక అందరూ బస్సులెక్కుతారు. హఠాత్తుగా పోయిన ఇంట్లో అసలు దుఃఖం చాలాసార్లు అప్పుడే మొదలవుతుంది. మొదటి రోజుల్లో మనసు మొద్దుబారి ఉంటుంది. “ఎంత గుండె నిబ్బరం!” అని మెచ్చుకున్న మనిషే మూడో నెలలో కుక్కరు ముందు నిలబడి ఎన్ని బియ్యం పోయాలో తెలియక ఏడుస్తుంది. 1942లో బోస్టన్‌లోని కోకోనట్ గ్రోవ్ నైట్‌క్లబ్బులో మంటలు లేచి 492 మంది చనిపోయారు. అందులో తమవాళ్ళను పోగొట్టుకున్నవాళ్ళతో సహా పలువురిని గమనించి ఎరిక్ లిండెమన్ అనే మానసిక వైద్యుడు 1944లో వ్యాసం రాశాడు. గొంతు బిగుసుకుపోవడం, ఊరికే నిట్టూర్పులు, కడుపులో ఖాళీగా ఉండటం, కోపం, తప్పంతా తనదేనన్న భావన అందులో కనిపిస్తాయి. “ఆ రోజు బండి మీద వెళ్ళొద్దని గట్టిగా చెప్పి ఉంటే” అని మన వాకిట్లో వినే మాట అదే. దాన్ని వాదించి కొట్టేయక్కర్లేదు, పూర్తిగా చెప్పనివ్వాలి. “అంతే రాసిపెట్టి ఉంది”, “పిల్లల మొహం చూసి మర్చిపో” లాంటివి ఆ నోరు మూయించే మాటలు.

దుఃఖం అయిదు దశల్లో వరసగా నడుస్తుందన్న మాట బాగా ప్రచారమైంది. ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ 1969లో ఆ దశలు రాసింది చావుకు దగ్గరైన రోగుల గురించి. ఏ దశలో ఉన్నావని దుఃఖంలో ఉన్నవాళ్ళను కొలవకండి.

పదో రోజు గాజులు పగలగొట్టడం, బొట్టు తుడవడం గురించి దాచకుండా చెబుతాను. భర్త పోయాడని ఇంకా నమ్మలేని ఆడమనిషిని పదిమంది మధ్య కూర్చోబెట్టి చేసే ఆ తంతు గాయం మీద గాయమే. ఆమెను అడగండి. వద్దంటే ఆపడానికి ఇంట్లో ఒక్క పెద్ద నోరు తెరిస్తే చాలు.

పిల్లలకు “నాన్న ఊరెళ్ళాడు” అని చెబితే రోజూ గేటు దగ్గర ఎదురుచూస్తారు. “నిద్రపోయాడు” అంటే పడుకోవడానికే భయపడతారు. చనిపోయాడని, ఇక తిరిగి రాడని, అందులో నీ తప్పేమీ లేదని, నీ దగ్గర మేమున్నామని చిన్న మాటల్లో చెప్పాలి. ఆ వెంటనే ఆడుకోవడానికి పరుగెత్తినా తప్పుపట్టకండి. పిల్లల దుఃఖం అలాగే వచ్చిపోతుంటుంది.

ఏడాది తిరిగినా రోజంతా అదే ధ్యాసగా ఉండి, తిండీ పనీ సాగకపోతే దాన్ని వైద్యులు చికిత్స అవసరమైన దీర్ఘకాలిక దుఃఖంగా చూస్తారు. అమెరికా మానసిక వైద్యులు 2022లో దాన్ని తమ వ్యాధుల జాబితాలో చేర్చారు. ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. “నేనూ ఆయన దగ్గరికే పోతా” అన్న మాట వినబడితే మాత్రం ఏడాది దాకా చూడొద్దు. ఆ రాత్రి ఒంటరిగా వదలకుండా పక్కన పడుకుని, తెల్లారగానే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.