ఏడేళ్లు సాకితే మగచెట్టని తేలింది!
కోకం రైతు కష్టం తీర్చిన అంటుమొక్క

మన వంటింట్లో చింతపండు ఎలాగో, కొంకణ తీరంలో కోకం అలాగ. చేపల పులుసులోనూ, పప్పులోనూ అక్కడివారు పులుపుకి వేసేది ఈ పండు తొక్కనే. వేసవి దాహానికి షర్బతూ, కొబ్బరిపాలు కలిపి అన్నంలోకి చేసుకునే సోల్‌కఢీ కూడా దీనితోనే.

పశ్చిమ కనుమల వానకారు అడవుల్లో పుట్టిన చెట్టిది. మహారాష్ట్రలోని రత్నగిరి, సింధుదుర్గ్ జిల్లాల్లోనూ, గోవాలోనూ, కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలోనూ ఎక్కువగా కనిపిస్తుంది. ఆకు రాల్చకుండా, కొమ్మలు కిందికి వాల్చి గోపురంలా పెరుగుతుంది. పండు నిమ్మకాయంత ఉంటుంది. పండితే ముదురు ఎరుపు.

వానతో పందెం

పండ్లు ఏప్రిల్, మే నెలల్లో చేతికొస్తాయి. తొక్క వేరుచేసి, ఉప్పు కలిపిన పండ్లరసంలో నానబెట్టి ఎండలో పోస్తారు. ఇలా పలుమార్లు చేస్తే నల్లబడి నిలవకు వస్తుంది. దాన్నే ఆంసూల్ అంటారు. జూన్‌లో రుతుపవనాలు దిగితే ఎండ కరవు. అప్పటికి కోయని పండు చాలావరకు కుళ్లిపోతుంది.

గింజనూ పారేయరు. దంచి నీళ్లలో మరగబెడితే కొవ్వు పైకి తేలుతుంది. చల్లారితే గడ్డకడుతుంది. గింజ బరువులో దాదాపు నాలుగోవంతు కొవ్వే. కాళ్ల పగుళ్లకు రాస్తారు, సబ్బుల్లోనూ వాడతారు.

పోతుతాడు లాంటి చిక్కు

ఇంత పనికొచ్చే చెట్టుకు తోటలు వేయడానికి రైతులు చాలాకాలం జంకారు. తాటిచెట్టులో పోతుతాడు కాయ కాయదని మన పల్లెల్లో పిల్లలకూ తెలుసు. కోకంలోనూ ఆడ, మగ చెట్లు వేరు. గింజ నాటితే మొలిచినవాటిలో సగం దాకా మగవే. బొప్పాయి అయితే కొద్ది నెలల్లో పూత చూసి మగమొక్క పీకేయవచ్చు. కోకం పూతకు రావడానికే ఆరేడేళ్లు పడుతుంది. అన్నాళ్లు నీళ్లుపోసి పెంచాక సగం చెట్లు కాయనివని తేలితే ఆ రైతు గతేమిటి?

దీనికి విరుగుడు అంటుకట్టడమే. బాగా కాసే ఆడచెట్టు కొమ్మ తెచ్చి గింజమొక్కకు అంటుకడితే అది తప్పకుండా ఆడదే అవుతుంది. నాలుగైదేళ్లకే కాపు మొదలవుతుంది. అయితే నిటారుగా పెరిగే కొమ్మనే తీసుకోవాలి. పక్కకు సాగే కొమ్మ కడితే చెట్టు పైకి లేవక నేలబారుగా పాకుతుంది. పుప్పొడికోసం తోటలో కొన్ని మగచెట్లు ఉంచాలి. దాపోలిలోని కొంకణ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ‘కొంకణ్ అమృత’ అనే రకాన్ని 1997లో విడుదల చేసింది.

కోకం భారీ వానలకు, తేమకు అలవాటుపడ్డ చెట్టు. మన మెట్టపొలాలకు సరిపడేది కాదు. కానీ దాని పాఠం మనకూ పనికొస్తుంది. జాజికాయలోనూ ఇలాగే ఆడ, మగ చెట్లు వేరు. కొబ్బరితోటలో వేద్దామనుకునే రైతు మొక్క ధర అడిగే ముందు, అది గింజమొక్కో అంటుమొక్కో అడగాలి.